ఇంటిపని వుండగా మళ్ళీ వ్యాయామం కూడానా?

(మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



"చీకటితో లేచింది మొదలు రాత్రి పదింటిదాకా గానుగెద్దులా తిరుగుతూనే వుంటానండీ. ఇంత పని చేసే నాకు మళ్ళీ వ్యాయామం కూడానా?" రోజూ కాస్త నడవండమ్మా అని డాక్టరుగారు చెప్పినప్పుడు మనలో చాలామంది ఇచ్చే జవాబు ఇదే. ఇందులో విసుగుంది, కొంచెం కోపం కూడా వుంది. ఆ కోపం న్యాయమైనదేనని ముందుగానే ఒప్పుకుంటాను.

ఎందుకంటే ఇది మనం వూరికే అనే మాట కాదు, దీనికి లెక్కలున్నాయి. 2019లో కేంద్రప్రభుత్వం దేశమంతటా ఇళ్ళకు మనుషుల్ని పంపి, ఎవరు ఏ పనికి ఎంతసేపు వెచ్చిస్తున్నారో అడిగి రాయించింది. ఇంటిపని చేసే ఆడవాళ్ళు సగటున రోజుకు 299 నిముషాలు, అంటే ఒక్క నిముషం తక్కువ అయిదు గంటలు, ఆ పనికే పెడుతున్నారని తేలింది. ఇంటిపనిలో చెయ్యి వేసే మగవాళ్ళు పెట్టేది 97 నిముషాలు. 2024లో మళ్ళీ అడిగితే ఆడవాళ్ళ లెక్క 289కి తగ్గింది. మగవారి లెక్క కూడా 88కి తగ్గిందనుకోండి, అది వేరే సంగతి! పిల్లల్నీ, ముసలివాళ్ళనీ చూసుకునే సమయం ఇందులో కలపలేదు. ఉద్యోగం చేసేవారికి ఆఫీసు వేళలు దీనికి అదనం. ఇంత చాకిరీ చేసే మనిషిని పట్టుకుని "నీకు ఒళ్ళు కదలడం లేదు" అంటే మండదూ?

మరైతే ఇంకో ప్రశ్న కూడా వేసుకోవాలి. ఇంత పని చేస్తున్నా, రెండంతస్తుల మెట్లెక్కేసరికి మనకు ఆయాసం ఎందుకొస్తోంది? నేలమీద కూర్చుంటే లేవడానికి గోడో, గుమ్మమో ఆసరా ఎందుకు కావలసి వస్తోంది? నలభై అయిదేళ్ళు నిండకుండానే బి.పి. మాత్రలూ, షుగరు మాత్రలూ పోపులపెట్టె పక్కన వచ్చి ఎందుకు కూర్చుంటున్నాయి?

ఈ ప్రశ్న నాకు మా అమ్మ వల్ల తట్టింది. ఆవిడ పనిమంతురాలని మా చుట్టాల్లో పేరు. నలుగురు పిల్లల్ని పెంచింది, వచ్చేపోయే బంధువులకు వండి వార్చింది. ఆవిడకు అరవై రెండో ఏడు నడుస్తుండగా మా ఇంట్లో సత్యనారాయణవ్రతం చేసుకున్నాం. పీటమీద కూర్చుని కథంతా శ్రద్ధగా విన్నది. తీరా హారతికి లేవబోతే లేవలేకపోయింది. నొప్పేమీ లేదు, కాళ్ళు మాట వినలేదు, అంతే. నేనొకవైపు, మా వదిన ఒకవైపు రెక్కలు పట్టుకుని లేపాం. అందరి ముందూ నవ్వేసింది గాని, రాత్రి పక్క వేస్తుంటే నాతో మెల్లిగా అంది: "జన్మంతా పని చేస్తూనే వున్నాను గదే! ఈ ఒంట్లో బలం ఎటు పోయిందే?"

ఆ బలం ఎటు పోయిందో చెప్పడమే నా ఈ నాలుగు మాటల ఉద్దేశం.

మన అమ్మమ్మల కాలంలో ఇంటిపని అంటే ఏమిటో ఒక్కసారి గుర్తు చేసుకోండి. నూతిలోంచి నీళ్ళు తోడడం, బిందె చంకనెత్తుకుని రావడం, రుబ్బురోట్లో పప్పు రుబ్బడం, రోకలితో దంచడం, తిరగలి తిప్పడం, బండమీద బట్టలు ఉతకడం. కూర తరగాలన్నా కత్తిపీట ముందు నేలమీద కూర్చోవలసిందే. రోజుకు పాతికసార్లు కూర్చుని లేచేవారు. ఆ పనుల్లో చేతులు బలంగా లాగేవి, తోసేవి, ఎత్తేవి. ఊపిరి జోరుగా ఆడేది.

అయితే ఆ రోజులే బాగున్నాయని నేననను. ఆ చాకిరీకి నడుములు విరిగినవారున్నారు, బిడ్డ కడుపున వుండగా కూడా బిందెలు మోసినవారున్నారు. కుళాయీ, మిక్సీ, గ్రైండరూ, గాసు పొయ్యి, బట్టలుతికే మెషీనూ వచ్చి మనల్ని చాలా కష్టం నుంచి తప్పించాయి. వాటికి దణ్ణం పెట్టవలసిందే. కాకపోతే అవి పట్టుకుపోయింది పనిలోని బరువుని, మిగిల్చింది నిలబడడాన్ని. ఈనాటి వంటింట్లో గట్టు ముందు నిలుచుని గంటలు గడుపుతాం. అందుకే సాయంత్రానికి పాదాలు వాస్తాయి, నడుం లాగుతుంది, చికాకు పుడుతుంది. గుండె మాత్రం జోరందుకోదు, తొడల్లో, భుజాల్లో కండ బలపడదు. అలసట వేరు, వ్యాయామం వేరు. మనకు మొదటిది పుష్కలంగా వుంది, రెండోది కరువైంది.

అంటే ఇంటిపని దేనికీ కొరగాదని కాదు. ఏ పని లెక్కలోకి వస్తుందో, ఏది రాదో తెలుసుకోవడానికి ఒక తేలిక గుర్తు వుంది. పని చేస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, కాని పాట పాడాలంటే ఊపిరి చాలకూడదు. అలాంటి పని ఏదైనా వ్యాయామమే. గబగబా ఇల్లంతా వంగి గుడ్డతో తుడవడం, తడిబట్టల బకెట్టు పట్టుకుని మెట్లెక్కి డాబామీద ఆరేసి రావడం లెక్కలోకి వస్తాయి. కూర తిరగమోత పెట్టడం, బట్టలు మడతపెట్టడం, పిల్లవాడి పక్కన కూర్చుని హోంవర్కు చేయించడం రావు. అవి ఎంత అలసట తెచ్చినా సరే.

ఈ తేడా గుండెకు ఎంత ముఖ్యమో లండను నగరంలో ఒక చక్కని పరిశీలన వల్ల బయటపడింది. అక్కడి రెండంతస్తుల బస్సుల్లో డ్రైవరు రోజంతా సీట్లో కూర్చునే వుంటాడు. కండక్టరు మాత్రం టిక్కెట్లు కొడుతూ కిందికీ పైకీ ఎక్కి దిగుతూ వుండేవాడు. ఆ విధంగా రోజుకు సుమారు ఆరువందల మెట్లు ఎక్కేవాడు. ఇద్దరిదీ ఒకటే బస్సు, ఒకటే వేళలు. జెర్రీ మోరిస్ అనే డాక్టరు తన తోటివారితో కలిసి ఆ ఉద్యోగుల ఆరోగ్యం లెక్కలు తీసి 1953లో ప్రకటించాడు. గుండెజబ్బు డ్రైవర్లలో కంటే కండక్టర్లలో బాగా తక్కువగా వుంది. ఆ కండక్టర్లెవరూ వ్యాయామశాలకు వెళ్ళలేదు, చూడండి. మెట్లు వాళ్ళ ఉద్యోగంలోనే వున్నాయి. మనం రోజంతా బస్సు దిగకుండా తిరిగే డ్రైవరులా వున్నామా, మెట్లెక్కే కండక్టరులా వున్నామా అన్నది మనకు మనమే వేసుకోవలసిన ప్రశ్న.

ఇంతకీ ఎంత వ్యాయామం కావాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన ప్రకారం పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిముషాలు, వీలైతే 300 నిముషాల దాకా, ఇందాక చెప్పిన "మాట్లాడొచ్చు, పాడలేం" అన్న తీరు శ్రమ వుండాలి. అంటే వారానికి అయిదు రోజులు, రోజుకు అరగంట. దానికి తోడు వారంలో రెండు రోజులైనా కండలు బలపడే కసరత్తు చెయ్యాలి. అరవై అయిదు దాటినవారు పడిపోకుండా నిలకడ నేర్పే కసరత్తు వారంలో మూడు రోజులు చెయ్యాలి. మన దేశంలో 2022 నాటికి ఆడవాళ్ళలో నూటికి 57 మందికి, మగవాళ్ళలో 42 మందికి ఈ పాటి కదలిక కూడా లేదని 2024లో వెలువడిన ఒక అంతర్జాతీయ అంచనా చెబుతోంది. రోజుకు అయిదు గంటలు ఇంటిపని చేసే ఆడవాళ్ళే వెనకబడి వున్నారంటే, మనం చేసే పని ఎలాంటిదో తెలుస్తూనే వుంది గదా.

"అరగంట! అరగంట ఎక్కణ్ణుంచి తేనండీ?" అంటారు. ఇక్కడే మనకొక శుభవార్త. పూర్వం ఒక్కసారికి పది నిముషాలైనా ఆపకుండా చేస్తేనే లెక్క అనేవారు. 2020లో ఆ నియమం తీసేశారు. ఇప్పుడు అయిదు నిముషాలు చేసినా అయిదు నిముషాల ఫలమూ దక్కుతుంది. చిల్లర పైసలు డబ్బాలో వేసుకుని నెలాఖరుకు చీరకొంగున ముడివేసుకునే విద్య మనకు తెలియనిదా? ఇదీ అంతే. పొద్దున పది, మధ్యాహ్నం అయిదు, సాయంత్రం పది, రాత్రి అయిదు కలిపితే అరగంట అయింది.

అలాగే ఫోనుల్లోనూ, చేతి గడియారాల్లోనూ రోజుకు పదివేల అడుగులు వెయ్యాలని చూపిస్తూ వుంటే బెదిరిపోయి మానేసేవారున్నారు. ఆ పదివేలు ఎవరో డాక్టరు తేల్చిన లెక్క కాదు. 1965లో జపానులో అడుగులు లెక్కపెట్టే చిన్న యంత్రం ఒకటి అమ్మకానికి పెట్టి, దానికి "పదివేల అడుగుల మీటరు" అని అర్థం వచ్చే పేరు పెట్టారు. పలకడానికి బాగుంది గనుక నిలిచిపోయింది. 2019లో వెలువడిన ఒక అమెరికా పరిశీలనలో సగటున డెబ్భై రెండేళ్ళ వయసున్న ఆడవాళ్ళను చూస్తే, రోజుకు 2,700 అడుగులు వేసేవారికంటే 4,400 వేసేవారిలో మరణాలు చెప్పుకోదగినంత తక్కువగా కనిపించాయి. సుమారు 7,500 దాకా ఆ లాభం పెరుగుతూ పోయి, ఆ పైన ఇంచుమించు అక్కడే ఆగింది. కనుక పదివేలు పూర్తి కాలేదని బెంగ పెట్టుకోకండి. నిన్నటి కంటే ఇవాళ ఒక వెయ్యి ఎక్కువ వేశామా అన్నదే చూసుకోండి.

ఇక సమయం సంగతి. "పని తెమిలాక చేస్తాను" అనుకున్నవారు ఈ భూమ్మీద ఒక్కరూ చెయ్యలేదు. ఇంటిపని తెమలదు, అది దాని స్వభావం. కనుక తీరిక చూసుకుని చేద్దామనుకోకుండా, రోజూ తప్పక జరిగే పనికి వ్యాయామాన్ని ముడి పెట్టాలి. పళ్ళు తోముకోవడానికి మనం తీరిక చూసుకోం గదా! పాలు కాచడం, కుక్కరు పెట్టడం, పిల్లల్ని స్కూలు బస్సు ఎక్కించడం, రాత్రి గిన్నెలు సర్దడం, ఇవి ఏ ఇంట్లోనూ తప్పవు. వీటినే మేకులుగా పెట్టుకుని, ఒక్కొక్క మేకుకు కాస్త వ్యాయామం తగిలించండి.

చూడండి, పాలు పొంగేదాకా గట్టు ముందు నిలబడే వుంటాం. అప్పుడు రెండు చేతులూ గట్టుమీద ఆనించి, మడమలు మెల్లిగా పైకి లేపి మునివేళ్ళమీద నిలబడి, మళ్ళీ మెల్లిగా దించండి. పదిహేనుసార్లు. పిక్కలకు ఎంత పని పడుతుందో తెలుస్తుంది. కుక్కరు మూడు కూతలు కూసేలోపల ఒక కుర్చీ గోడకు ఆనించి వేసుకుని, చేతులు గుండెలమీద కట్టుకుని, లేచి నిలబడి మళ్ళీ కూర్చోండి. మొదట అయిదుసార్లు, అలవాటయ్యాక పదిసార్లు. దబ్బున కూలబడకూడదు, మెల్లిగా దిగాలి. కూర్చునేటప్పుడు కూడా తొడలకు పనే.

గోడకు బారెడు దూరంలో నిలబడి, అరచేతులు గోడకు ఆనించి, మోచేతులు వంచుతూ గోడవైపు ఒరిగి, మళ్ళీ వెనక్కు తోసుకోవడం భుజాలకూ, ఛాతీకీ మంచిది. లీటరు నీళ్ళ సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని పైకెత్తి దించవచ్చు. ఒక చెయ్యి గట్టుమీద వుంచి ఒంటికాలిమీద పది అంకెలు లెక్కపెట్టేదాకా నిలబడడం నిలకడకు మంచిది. ఈ అయిదూ వరసగా చేస్తే పదిహేను నిముషాలకు మించదు. మంగళవారం, శుక్రవారం అని రోజులు పెట్టుకుంటే మరిచిపోరు. సూర్యనమస్కారాలు, యోగాసనాలు చిన్నప్పుడు నేర్చినవారుంటే అవి నిక్షేపంగా చేసుకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవారు మాత్రం తెలిసినవారి దగ్గర కూర్చుని నేర్చుకోవాలి.

ఇక నడక. పిల్లల్ని బస్సెక్కించి వెంటనే ఇంటికి రాకండి. అక్కణ్ణుంచే వీధి చివరిదాకా వెళ్ళి పదిహేను నిముషాలు చురుగ్గా నడిచి రండి. ఒక్కసారి ఇంట్లో అడుగు పెట్టారో, అంట్లు పిలుస్తాయి, బట్టలు పిలుస్తాయి, ఇక బయటికి రాలేరు. ఆఫీసుకు వెళ్ళేవారు ఒక స్టాపు ముందు దిగి నడవవచ్చు. పైకి వెళ్ళేటప్పుడు లిఫ్టు మానేసి రెండంతస్తులైనా మెట్లెక్కవచ్చు. మధ్యాహ్నం కారియరు తిన్నాక కుర్చీలోనే కూర్చుని కబుర్లు చెప్పుకునే బదులు, అవే కబుర్లు వరండాలో పచార్లు చేస్తూ చెప్పుకోవచ్చు.

అన్నం తిన్నాక పదిహేను నిముషాల లోపల కాసేపు నడిస్తే మన ఇళ్ళలో మరీ మంచిది. మనం ఏ పూట చూసినా అన్నం ఎక్కువ తింటాం. తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి చేరే వేళకు కాళ్ళ కండరాలు పని చేస్తూ వుంటే, అవి ఆ చక్కెరను లాక్కుని వాడేసుకుంటాయి. రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. కనుక రాత్రి భోజనమయ్యాక టి.వి. ముందు చేరబడకుండా డాబామీదో, వీధి వాకిట్లోనో పది నిముషాలు అటూ ఇటూ తిరగండి. షుగరు వున్న ఆయన్ని కూడా వెంటబెట్టుకు వెళ్ళండి. ఇద్దరికీ మందే.

హైదరాబాదులో ఇందిరాపార్కుకో, కె.బి.ఆర్. పార్కుకో దగ్గరగా వున్నవారూ, విశాఖలో బీచి రోడ్డు పక్కన వున్నవారూ అదృష్టవంతులు. అందరికీ ఆ వీలు వుండదు. ఇరుకు సందులు, కుక్కలు, వెలుగులేని వీధులు మనకు తెలియనివి కావు. అలాంటి చోట తెల్లారకముందే ఒంటరిగా బయలుదేరవద్దు. పక్కింటావిణ్ణి తోడు తీసుకోండి. తోడు వుంటే భయమూ వుండదు, బద్ధకమూ సాగదు. ఒకరు ఎగ్గొడదామనుకున్నా రెండోవారు తలుపు కొడతారు. ఇక రోహిణికార్తె ఎండల్లోనూ, ముసురు పట్టినప్పుడూ ఇంట్లోనే హాలులోంచి వంటింటిదాకా నడవవచ్చు. రేడియోలో పాటలు వచ్చినంతసేపు నడవాలని పెట్టుకుంటే గడియారం చూడనక్కరలేదు. రబ్బరు చెప్పులతో గబగబా నడిస్తే కాలు జారుతుంది, మడమ నొప్పి పుడుతుంది. మడమ దగ్గర పట్టి వుండే చెప్పులు గాని, గుడ్డ బూట్లు గాని వేసుకోండి. చీర మీద బూట్లేమిటని నలుగురూ నవ్వుతారేమో అనుకోకండి. నాలుగు రోజులు నవ్వుతారు, అయిదో రోజు ఎక్కడ కొన్నారని అడుగుతారు.

అసలైన అడ్డంకి వీధిలో లేదు, ఇంట్లోనే వుంది. పోయిన ఏడాది మా పక్కింటావిడా, నేనూ పొద్దున ఆరింటికి నడకకు వెళ్ళాలనుకున్నాం. మూడో రోజుకే ఆవిడ మానేసింది.

"ఏం వదినగారూ, రావడం లేదు?" అన్నాను.

"ఏం రమ్మంటారండీ! ఆరున్నరకు ఆయనకు కాఫీ పడకపోతే తలనొప్పి. అబ్బాయికి సాక్సు కనపడవు. అత్తయ్యగారు పూజకు పువ్వులు కోయలేదని నొచ్చుకుంటారు. నేను బయటికి వెళ్ళిన అరగంటలో ఇల్లు తలకిందులవుతుంది" అంది.

"అయితే ఒకటి చెప్పండి. రేపు మోకాళ్ళు పట్టేసి మీరు మంచమెక్కితే ఆ కాఫీ ఎవరు పెడతారు?"

ఆవిడ మాట్లాడలేదు. ఆ రాత్రే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి చెప్పిందట. కోప్పడలేదు, సాధించలేదు. "ఆరు నుంచి ఆరున్నర దాకా నేను ఇంట్లో వుండను. డికాక్షను రాత్రే దించి పెడతాను, పాలు మీరు కాచుకోండి. సాక్సు ఎవరివి వాళ్ళు పడుకోబోయే ముందు తీసి పెట్టుకోండి. పువ్వులు నేను వస్తూ తెస్తాను" అంది. మొదటి వారం పాలు రెండుసార్లు పొంగిపోయాయి. రెండో వారం పొంగలేదు. ఇప్పుడు వారి ఇంట్లో ఆయన పెట్టే కాఫీయే బాగుంటుందని అత్తగారే అంటున్నారు.

నవ్వులాటకు చెప్పడం లేదు. మన ఇళ్ళలో అందరి సమయమూ అమ్మ సర్దుతుంది, అమ్మ సమయం మాత్రం ఎవరు అడిగితే వారిది. అందులో అరగంట మనకోసం పక్కన పెట్టుకోవడం స్వార్థం కాదు. పిల్లలు కూడా చూస్తూ వుంటారు. అమ్మ ఆరోగ్యం కూడా ఇంట్లో ఒక ముఖ్యమైన విషయమేనని ఆడపిల్లా తెలుసుకుంటుంది, మగపిల్లవాడూ తెలుసుకుంటాడు. పుస్తకం చూపించి చెప్పే పాఠం కంటే ఇది గట్టి పాఠం.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. గుండెజబ్బు, బి.పి., షుగరు వున్నవారూ, కాన్పు అయిన తరువాతా, ఆపరేషన్ల తరువాతా మొదలుపెట్టేవారూ డాక్టరును అడిగి మొదలుపెట్టాలి. ఇన్సులిను తీసుకునేవారికి నడిచినప్పుడు చక్కెర మరీ పడిపోవచ్చు, కనుక ఏ వేళ నడవాలో అడిగి తెలుసుకోవాలి. మోకాళ్ళ నొప్పులున్నవారు మెట్ల జోలికి వెళ్ళకుండా చదునైన చోట నడవాలి. నొప్పి అని పూర్తిగా కూర్చుండిపోతే తొడ కండరాలు సన్నగిల్లి మోకాలిమీద భారం ఇంకా పెరుగుతుంది. నడుస్తుండగా గుండెలమీద బరువు పెట్టినట్లున్నా, ఎన్నడూ లేని ఆయాసం వచ్చినా, కళ్ళు తిరిగినా వెంటనే ఆగి డాక్టరు దగ్గరకు వెళ్ళండి. గాసు అనుకుని సోడా తాగి పడుకోవద్దు.

మొదటి రోజే గంటసేపు నడిచి, రెండో రోజు కాళ్ళు పట్టేసి, మూడో రోజు మానేసేవారు చాలామంది. మొదటి వారం రోజుకు పది నిముషాలు చాలు. ప్రతి వారం అయిదేసి నిముషాలు పెంచుకుంటూ పోతే నెలాఖరుకు అరగంటకు చేరువలో వుంటారు. నిదానమే ప్రధానం. ఒక రోజు చుట్టాలు వచ్చారు, ఒక రోజు పిల్లవాడికి జ్వరం. తప్పిపోతుంది. తప్పినదానికి బాధపడకుండా మర్నాడు మళ్ళీ మొదలుపెట్టండి. బహిష్టు రోజుల్లో ఓపిక వుంటే మెల్లిగా నడవవచ్చు, అందువల్ల హాని ఏమీ లేదు. ఓపిక లేకపోతే విశ్రాంతి తీసుకోండి.

ఇంకొక మాట. నెల తిరక్కుండా బరువు చూసుకుని, అరకిలో కూడా తగ్గలేదని నిరాశపడి మానేస్తారు కొందరు. బరువు తగ్గడానికి తిండి సంగతి కూడా చూసుకోవాలి. నడిచి వచ్చాం గదా అని దారిలో నాలుగు పునుగులు తింటే నడక లెక్క అక్కడికే సరి. అయితే బరువు తగ్గకపోయినా వ్యాయామం వృథా పోదు. నిద్ర బాగా పడుతుంది, బి.పి., షుగరు అదుపులోకి వస్తాయి, చికాకు తగ్గుతుంది. ముట్లుడిగిన తరువాత ఆడవాళ్ళ ఎముకలు త్వరగా గుల్లబారతాయి. నడకా, బరువులెత్తే కసరత్తూ ఆ ఎముకలకు బలమిస్తాయి. పడకుండా నిలదొక్కుకునే శక్తి వుంటే తుంటి విరగడాలు తగ్గుతాయి. తూనిక చూపించని లాభాలు ఇవన్నీ.

మా అమ్మ సంగతి చెప్పి ముగిస్తాను. వ్రతం అయిన మరుసటి వారం ఆవిణ్ణి డాక్టరుకు చూపించాం. "ఎముకల్లో పెద్ద దోషం లేదమ్మా, వాడక కండ సన్నగిల్లింది" అన్నారు. వ్యాయామం చెప్పే అమ్మాయి వచ్చి కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం నేర్పింది. ఎత్తు కుర్చీతో మొదలుపెట్టి, మెల్లిగా పొట్టి స్టూలుకు తెచ్చింది. మొదటి పదిరోజులు అమ్మ గొణిగింది: "లేవడం, కూర్చోవడం కూడా నేర్పించుకోవాలా, నా ఖర్మ!" అని. అయినా మానలేదు. రేడియోలో భక్తిరంజని వస్తున్నంతసేపూ చేసేది. ఆర్నెల్లకు వినాయకచవితి వచ్చింది. నేలమీద కూర్చుని పత్రి పూజ చేసి, ఒక చెయ్యి నేలకు ఆనించి తనంత తనే లేచి నిలబడింది. నేను పరిగెత్తుకు వెళ్ళేలోపలే లేచింది. "చూశావుటే, మళ్ళీ వచ్చింది" అంది, కాళ్ళు తడుముకుంటూ.

ఆవిడ బలం ఎటూ పోలేదు. అడిగినవారు లేక వూరుకుంది. మన ఒంట్లో వున్నదీ అంతే. అరవై రెండో ఏటిదాకా ఆగకుండా ఇప్పుడే అడుగుదాం. ఈ ప్రసంగం అయ్యాక ఎలాగూ పొయ్యి దగ్గరకు వెళతారు. అక్కడ గట్టు పట్టుకుని మడమలు పదిహేనుసార్లు ఎత్తి దించండి. మిగతాది రేపు బస్సు స్టాపు దగ్గర మొదలవుతుంది.

సెలవు.